థైరాయిడ్ పరీక్ష: అంకెల వెనుకనున్న అర్థము

రక్తపరీక్ష ఫలితము చేతికి వచ్చుటకును, వైద్యుని దర్శనము లభించుటకును నడుమ ఒకటి రెండు దినములు గడచుట కద్దు. ఆ దినములలో ఇంటిల్లిపాదియు ఆ కాగితముపై వంగి చూతురు. ఏదో ఒక అంకె లావుగా అచ్చుపడి ఉన్నచో గుండె ఝల్లుమనును. థైరాయిడ్ పరీక్ష విషయమున ఈ కలవరము మరింత హెచ్చు. మేము వైద్యులము కాము. చికిత్స చెప్పుట మా పని కాదు. ఆ కాగితమును ఎట్లు చదువవలెనో, వైద్యునితో ఏమి మాట్లాడవలెనో మాత్రమే నేడు మనవి చేయుదుము.

థైరాయిడ్ గ్రంథి కంఠమునకు ముందు భాగమున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె ఉండును. అది తయారుచేయు హార్మోనులలో ముఖ్యమైనవి టి-4, టి-3 అను రెండు. దేహపు వేడి, గుండె వేగము, శిశువు మెదడు పెరుగుదల వీనిపై ఆధారపడి ఉన్నవి. ఈ గ్రంథికి పై అధికారి మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి. అది పంపు తాఖీదే టి.ఎస్.హెచ్. పని కుంటుపడిన కొలది తాఖీదులు పెరుగును. పని మితిమీరినచో తాఖీదులు ఆగిపోవును. కావున టి.ఎస్.హెచ్. హెచ్చుగా నున్నచో సాధారణముగా థైరాయిడ్ మందగించినదని అర్థము. మిక్కిలి తక్కువగా నున్నచో అతిగా పనిచేయుచున్నదని అర్థము. పెద్ద అంకె చూచి 'థైరాయిడ్ ఎక్కువైనది' అనుకొనుట సరికాదు.

పెద్దవారికి టి.ఎస్.హెచ్. సుమారు 0.4 మొదలు 4 వరకు సహజమని అనేక ప్రయోగశాలలు ముద్రించును. అయినను ఈ హద్దులు పరీక్షా విధానమును బట్టి మారును. ఎవరి కాగితముపై ముద్రించిన హద్దులతో వారు పోల్చుకొనవలెను. గర్భిణులకు హద్దులు వేరు. వృద్ధులలో అంకె కొంత పెరుగుట కలదు. పైగా తాఖీదు ఒక్కటే చూచి తీర్పు చెప్పరాదు; పని ఎంత జరిగినదో తెలుపు 'ఫ్రీ టి-4' కూడ చూడవలెను. టి.ఎస్.హెచ్. 6 ఉండి, ఫ్రీ టి-4 సరిగా నున్నచో, వైద్యులు తరచు రెండు మూడు మాసములు ఆగి మరల పరీక్షింతురు. పలువురిలో అది దానంతట అదే దిగివచ్చును. 10 దాటినప్పుడు, లేదా ఫ్రీ టి-4 కూడ తగ్గినప్పుడు, మందు మాట సాధారణముగా వచ్చును.

అయొడిన్ ఉప్పు ఎక్కువ తినిన సరిపోదా అని అడుగువారు కలరు. అయొడిన్ కొరత వలన గొంతువాపు వచ్చునను మాట నిజమే. శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956 లో కాంగ్రా లోయయందు ఆరంభించిన పరిశోధన అయొడిన్ కలిపిన ఉప్పుతో దానిని అరికట్టవచ్చునని చూపినది. కాని దేహమే తన గ్రంథిపై దాడి చేయుట వలన వచ్చు మాంద్యము వేరు. 1912 లో హషిమోటో వర్ణించిన ఆ వ్యాధికి అదనపు ఉప్పు మందు కాదు.

మందు వాడువారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట ఒకటున్నది. తదుపరి పరీక్షలో అంకె సరియైనచో, అది మాత్ర చేసిన పని కావచ్చును. రోగము పోయినదని తలచి మాత్ర మానరాదు. తొందరపడి హెచ్చించుకొనను రాదు. మోతాదు మితిమీరినచో గుండె దడ పుట్టును, ఎముకలు బలము కోల్పోవును. మోతాదు మార్చిన పిదప ఆరు మొదలు ఎనిమిది వారములకు గాని నిజమైన ఫలితము తెలియదు. మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట మొదలు గంట వరకు కాఫీ, ఫలహారము ముట్టకుండుట మంచిది. కాల్షియము, ఇనుము మాత్రలకు నాలుగు గంటల ఎడము ఉండవలెను. ఈ మందు వాడు స్త్రీ గర్భవతియైనచో, తదుపరి దర్శనము వరకు ఆగక వెంటనే వైద్యునికి తెలుపవలెను. తొలి మాసములలో శిశువునకు తల్లి హార్మోనే ఆధారము.

వైద్యుని వద్దకు పోవునప్పుడు పాత కాగితములను తేదీల వరుసను పేర్చుకొని తీసికొని పోవుడు. వాడు మందులన్నియు చెప్పుడు. జుట్టు కొరకు వాడు బయోటిన్ మాత్రలు పరీక్షను తారుమారు చేయగలవు గనుక వానిని దాచవలదు. అలసట, బరువు, చలి, మలబద్ధకము, గుండె దడ, నెలసరి మార్పులు ఎప్పటినుండియో చీటిపై వ్రాసికొనుడు. ఆ చీటి చివర నాలుగు ప్రశ్నలు చేర్చుడు: ఈ అంకెకు కారణమేమి? మరల పరీక్ష అవసరమా? మందు ఇప్పుడే కావలెనా? తిరిగి ఎప్పుడు రావలెను?

వైద్యునికి సమయము తక్కువ, రోగికి సంకోచము ఎక్కువ. ఆ సంకోచమును ఇంటి యొద్దనే విడిచి పోవుడు. కాగితము రక్తములోని సంగతి చెప్పును. ఒంటి సంగతి మీరే చెప్పవలెను. రెండును కలిసినప్పుడే వైద్యుని నిర్ణయము సరియైన దారిని పడును.