ఊర్వశి వంశం, ముదివేము పుట్టుక

ఒంటిమిట్ట కోదండరాముడు సూర్యవంశపు రాజు. ఆయన ఎదుట కూర్చుని చంద్రవంశపు పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం కాస్త సాహసమే. అయినా ఆయన ఏమీ అనుకోడు.

చంద్రవంశంలో అచ్చమైన మానవరక్తం వెతికితే దొరకదు. పురూరవుడికి అప్సరస ఊర్వశి కన్న బిడ్డ ఆయువు. అతడి కొడుకు నహుషుడు, మనుమడు యయాతి. యయాతికి అసురరాజు వృషపర్వుడి కూతురు శర్మిష్ఠ కన్న కొడుకు పూరుడు. కౌరవ పాండవులు ఆ పూరుడి సంతతే. యయాతి మరో భార్య దేవయాని కొడుకు తుర్వసుడి వంశం తమదని శ్రీకృష్ణదేవరాయల శాసనాలు చెప్పుకున్నాయి. ఇలాంటి పెళ్లే 1954–55లో వెలువడిన ఆంగ్ల రచయిత టోల్కీన్ నవలలోనూ ఉంది: మానవజాతి కాని ఎల్ఫ్ కన్య ఆర్వెన్ మానవుడైన ఆరగార్న్‌ను పెళ్లాడుతుంది. పురాణం విన్న మన ముసలమ్మలకు అందులో వింతేమీ కనబడదు.

పల్లవులూ తక్కువ తినలేదు. అమరావతిలో దొరికిన సింహవర్మ స్తంభశాసనం ప్రకారం వారి మూలపురుషుడు అశ్వత్థామకూ, మదని అనే అప్సరసకూ పుట్టాడు. వేలూరుపాళెం రాగిరేకుల్లో కథ వేరు: పల్లవరాజు వీరకూర్చుడు నాగరాజు కూతురి చేయి పట్టడంతోనే రాజచిహ్నాలన్నీ అతడికి దక్కాయి. ఆమె పేరు మాత్రం అందులో లేదు. రాజ్యం తెచ్చిన పిల్ల పేరు చెక్కడానికి రాగి చాలలేదు కాబోలు! వియత్నాంలోని మీసన్‌లో ఉన్న 658 నాటి శాసనం నయం. కౌండిన్యుడనే బ్రాహ్మణుడు చేపట్టిన నాగకన్య పేరు సోమ అని అది చెబుతుంది.

కడప గడ్డకు చేరేది, తమదీ చంద్రవంశమేనన్న చాళుక్యుల కథ. అయోధ్య నుంచి దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో పోరులో చనిపోయాడట. నిండు గర్భిణి అయిన రాణి ముదివేము అగ్రహారం చేరితే విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా సాకాడు. అక్కడ పుట్టిన విష్ణువర్ధనుడు పెరిగి రాజ్యం కట్టి, పల్లవుల ఆడపడుచునే పెళ్లాడాడు. ఆ ముదివేము జమ్మలమడుగు దగ్గరి పెద్దముడియమేనని చరిత్రకారులు గుర్తించారు.

కథ బాగుంది. కానీ తూర్పు చాళుక్యుల మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాలన మొదలుపెట్టింది 624లో. ఆ వంశపు తొలి శాసనాల్లో మానవ్యస గోత్రం, హారీతీపుత్రులు అన్న మాటలున్నాయి గానీ అయోధ్య లేదు, ముదివేమూ లేదు. ఆ కథ 11వ శతాబ్దిలో, అదే వంశపు రాజు విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనంలో కనబడుతుంది.

అప్పుడే ఎందుకు? విమలాదిత్యుడి భార్య కుందవ, రాజరాజ చోళుడి కూతురు. సూర్యవంశమని చెప్పుకునే మామగారి ముందు అల్లుడి ఇంటికీ చంద్రుడి దాకా చిట్టా ఉండాలి కదా! వారి కొడుకు రాజరాజనరేంద్రుడే నన్నయ చేత భారతం రాయించినవాడు. అతడి భార్య అమ్మంగ, రాజేంద్ర చోళుడి కూతురు. ఆ దంపతుల బిడ్డ కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. నాయనమ్మా చోళుల ఆడపడుచే, అమ్మా చోళుల ఆడపడుచే. అప్సరసలు కలపని రెండు వంశాలను ఈ ఇద్దరు కోడళ్లు కలిపారు. వంశావళిలో అసలు చరిత్ర వీరిదే.

ఈ జిల్లా యువ పరిశోధకులకు ఒక మనవి. శాసనం చేతికొచ్చినప్పుడు రాజుల వరస దగ్గరే ఆగకండి. తల్లుల పేర్లు ఎక్కడున్నాయో, ఎక్కడ ఎగిరిపోయాయో, ఏ కథ ఏ ఏట మొదట కనిపించిందో పట్టిక వేయండి. పెద్దముడియంతోనే మొదలుపెట్టండి.