ఇద్దరి తగువులో మూడో భాష

(రేపల్లెలో ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేశాను.)



తెనాలి నుంచి వచ్చినవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. మీ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా. మరి ఇవాళ ఫ్రెంచివాళ్ల సంగతితో మొదలుపెడితే మీకేం అభ్యంతరం ఉండదు. కాకపోతే నేను చెప్పేది ప్యారిస్ గురించి కాదు, కెనడాలోని క్యూబెక్ గురించి.

కెనడాలో ఎక్కువమంది మాట్లాడేది ఇంగ్లీషు. క్యూబెక్ రాష్ట్రంలో మాత్రం ఫ్రెంచి. కానీ అక్కడ కూడా చాలాకాలం యజమాని ఇంగ్లీషువాడు, కూలి ఫ్రెంచివాడు. నలుగురిలో ఫ్రెంచి మాట్లాడితే "తెల్లోళ్ల భాష మాట్లాడు" అని కసిరేవాళ్లు. మాట్లాడేవాళ్లూ తెల్లోళ్లే, అయినా సరే! ఆ అవమానంలోంచి ఉద్యమం లేచింది. 1969లో కెనడా రెండింటినీ అధికార భాషలు చేసింది. 1977లో క్యూబెక్ తన సొంత చట్టం తెచ్చి ఆఫీసులో, బడిలో, షాపు బోర్డు మీద ఫ్రెంచికి పెద్దపీట వేసింది. 1995 అక్టోబర్ 30న విడిపోదామా వద్దా అని ఓటు పెడితే, వద్దన్నవాళ్లు 50.6 శాతం, కావాలన్నవాళ్లు 49.4 శాతం.

మనకిది కొత్త కథేం కాదు. మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్ల బాధ ఇలాంటిదే. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి చనిపోయాక, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత ఒకే భాషవాళ్ల మధ్యే యాస మీద ఎగతాళి, ఉద్యోగాల మీద, నీళ్ల మీద గొడవ. 2014లో తెలంగాణ విడిపోయింది. ఈ ఉద్యమాల్లో న్యాయం లేదని నేననను. నేను అడిగేది వేరు. ఆ నేల మీదే ఇంకో భాష మాట్లాడేవాళ్లు ఉన్నారే, వాళ్లనెవరన్నా అడిగారా?

క్యూబెక్ ఉత్తరాన క్రీ ఆదివాసీలు, ఇన్యుట్‌లు ఉన్నారు. 1971లో వాళ్ల నదుల మీద కరెంటు ప్రాజెక్టు ప్రకటించింది ఫ్రెంచి ప్రభుత్వమే, వాళ్లని ఒక్క మాట అడక్కుండా. క్రీలు కోర్టుకెక్కారు. 1975లో ఒప్పందం చేసుకుని, అందులో తమ స్కూలు బోర్డు తామే నడుపుకునే హక్కు రాయించుకున్నారు. 1995లో విడిపోయే ఓటు వచ్చినప్పుడు మా భూమి ఎటు పోవాలో మీరెవరు చెప్పడానికి అని, ఆరు రోజుల ముందే, అక్టోబర్ 24న, సొంతంగా ఓటు పెట్టుకున్నారు. 96 శాతం మంది మమ్మల్ని అడక్కుండా కెనడా నుంచి విడదీయొద్దన్నారు. ఇంగ్లీషువాళ్ల మీద ప్రేమతో అలా చేశారని అనుకోవద్దు. ఆదివాసీ పిల్లల్ని హాస్టల్ బళ్లలో పెట్టి, సొంత భాష మాట్లాడితే కొట్టిన దేశం అది. ఒకచోట ఇంగ్లీషు కోసం కొట్టారు, ఇంకోచోట ఫ్రెంచి కోసం కొట్టారు. దెబ్బ మాత్రం ఒక్కటే.

ఇప్పుడు బాపట్ల వద్దాం. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. తెలుగువాళ్లకో రాష్ట్రం కావాలన్న మాట అక్కడ గట్టిగా వినబడింది. బాపట్లవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ రోజుల్లోనే, ఆ బాపట్ల పక్కనే, స్టూవర్టుపురం సెటిల్‌మెంటు తయారైంది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. అంతకుముందు ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు వాళ్లు. రైలొచ్చి ఆ వ్యాపారం పోయింది, తిరగడమే నేరమైంది. ఒకచోట భాష పేరుతో జాతి లేస్తోంది, ఆ పక్కనే ఇంకో భాషవాళ్లకి తల లెక్కేస్తున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో మొదటిది దొరుకుతుంది. రెండోది సినిమాల్లో దొరుకుతుంది, అదీ దొంగల కథగా.

ఎరుకల భాషని మనవాళ్లు కుర్రు బాస అంటారు. ద్రావిడ భాష, తమిళానికి దగ్గర చుట్టం. దానికి జరిగిన అన్యాయం మామూలుది కాదు. 1892లో మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ నేరస్థ తెగల మీద పుస్తకం వేశాడు. అలాంటి పోలీసు పుస్తకాల్లో మన మాటలు కూడా ఎక్కాయి, దొంగల రహస్య మాటలుగా. అమ్మ బిడ్డని అన్నానికి పిలిచే భాష స్టేషన్ రికార్డయింది! చట్టం 1952లో పోయింది. చూపు పోలేదు. నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క మంచం అబ్బాయి, "ఏంట్రా, ఏదో కోడ్‌లో మాట్లాడుతున్నావ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, వాడు చెడ్డవాడు కూడా కాదు. అయినా ఆ తర్వాత చాలామంది మన పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు. బయటికెళ్లి, గొంతు తగ్గించి, చివరికి తెలుగులోకి మారిపోతారు.

ఇక ఇంగ్లీషు మీడియం గొడవ. 2019 నవంబర్‌లో జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. టీవీల్లో ఒకళ్లు ఇంగ్లీషు పేదోడి హక్కు అన్నారు, ఇంకొకళ్లు మాతృభాషలోనే చదవాలి అన్నారు. నేను ఇంగ్లీషు కావాలనేవాణ్ణే. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మన పిల్లలకి తెలుగు గొప్పదనం చెప్పేవాళ్ల మాట నాకెక్కదు. కానీ గమనించండి, మాతృభాష అన్న ప్రతిసారీ వాళ్ల ఉద్దేశం తెలుగే. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక చదువు మాతృభాషలో అందించే ఏర్పాటు చేయమంటుంది. 2004లో మన రాష్ట్రంలో ఆదివాసీ భాషల్లో బడి పుస్తకాలు మొదలుపెట్టారు. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా, మొత్తం ఎనిమిది. ఎరుకల లేదు. మైదానంలో ఉన్నాం కాబట్టి మనకి భాషే లేదనుకున్నారేమో.

మనలో మనకీ తేడాలున్నాయి, దాచడం ఎందుకు. నిజాంపట్నం వైపు యానాది తమ్ముడు మాట్లాడితే "సరిగ్గా తెలుగు రాదు" అంటారు. అది వాడి తెలుగు, వాడి ఇంటి తెలుగు. సుగాలీల భాషని జనాభా లెక్కల్లో హిందీ కింద కలిపేశారు. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక రేపల్లె బాపట్ల జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో. ఒకే అర్జీ ఇద్దరు కలెక్టర్లకి రాసుకోవాలి. రాద్దాం, కాగితానికి కొదవా.

అసలు పని జనాభా లెక్కల దగ్గరుంది. పదివేల మంది చెప్పని భాషకి లెక్కల పట్టికలో పేరు కూడా వేయరు. మాతృభాష గడి ఒకటుంటుంది, తర్వాత తెలిసిన ఇంకో రెండు భాషలు రాసుకుంటారు. తెలుగు ఆ రెండో చోట వస్తుంది, ఎక్కడికీ పోదు. 2027 లెక్కలకి ఎన్యూమరేటర్ మీ గుమ్మంలోకొచ్చి, మీరు తెలుగులో మాట్లాడుతున్నారు కదా అని తనే రాసేసుకోవచ్చు. ఆపండి. ఎరుకల అయితే ఎరుకల అని, లంబాడీ అయితే లంబాడీ అని చెప్పండి. రాశాక చూపించమని అడగండి. ఇంట్లో నాయనమ్మ సిగ్గుపడి తెలుగు అంటే, పక్కన కూర్చుని మీరు చెప్పండి.

కాలనీకి ఇద్దరు చొప్పున కావాలి. గడప గడపకీ వెళ్లి ఈ ఒక్క ముక్క చెప్పాలి, ఫోన్లో ముసలివాళ్ల మాటలు, సామెతలు రికార్డు చేసుకురావాలి. బుట్టలల్లేటప్పుడు వాడే మాటలు ముందు పట్టండి, ప్లాస్టిక్ వచ్చాక అవే తొందరగా పోతున్నాయి. తలుపు దగ్గర నోటు పుస్తకం పెట్టాం, పేరూ ఊరూ రాసి వెళ్లండి. స్టూవర్టుపురం పేజీ ఇప్పటికే నిండింది, తెనాలి పేజీ ఇంకా ఖాళీగా ఉంది.