మనవడికి సోయా పాలు



మా కోడలు కడుపుతో ఉండగా మీల్‌మేకర్ కూర తింటానంటే, వేడి చేస్తుందని మా ఆవిడ వద్దంది. సోయా పడనివారు తప్ప మితంగా తినవచ్చునని డాక్టరమ్మ చెప్పారు.

ఆ ధైర్యంతోనే ఎనిమిది నెలల మనవడికి నేను సోయా పాల ప్యాకెట్టు తెచ్చాను. ఈసారి డాక్టరమ్మ నన్నే మందలించారు. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల బదులు ఆ పాలు పోస్తే పోషణ చాలదట. పసిపిల్లల కోసం చేసే సోయా డబ్బాపాలు వేరు. వాటివల్ల ఎదుగుదలకు హాని భయం స్వల్పమేనని 2010లో అమెరికా జాతీయ టాక్సికాలజీ విభాగం తేల్చింది. అయినా డాక్టరు చెబితేనే పట్టాలి. నెలలు నిండకుండా పుట్టినవారికి అవి తగవు. థైరాయిడ్ మందు వాడే పసివారికి మందు సరిగా ఒంటబట్టనివ్వవు.

తాతలమూ, అమ్మమ్మలమూ కొనేముందు అడుగుదాం.