పళ్లెంలో పెడితే తినని చేప



ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లను తిండి దగ్గర ఏడిపించే చేపలు కొన్ని ఉన్నాయి. అందంలో ముందు వరసలో నిలిచి, తిండి దొరక్క తరచుగా ప్రాణం వదిలే ఒక చేపను ఇవాళ పరిచయం చేస్తాను. దాన్ని మాండరిన్ చేప అంటారు. 1927లో ఆల్బర్ట్ హెర్రే అనే శాస్త్రవేత్త ఫిలిప్పీన్స్‌లో దొరికిన చేపలను చూసి దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. జపాన్‌కు దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా, పసిఫిక్ పడమటి ఒడ్డున, లోతు తక్కువ పగడపు దిబ్బల్లో దీని కాపురం.

వేలెడంత చేప, ఆరేడు సెంటీమీటర్లు. ఒళ్లంతా నీలం, నారింజ రంగుల చారలు మెలికలు తిరిగి ఉంటాయి. సాధారణంగా చేపల్లో మనం చూసే నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. చర్మంలోని సన్నని పలకల మీద వెలుగు పడి అలా కనిపిస్తుంది. మాండరిన్ చర్మంలో మాత్రం అచ్చమైన నీలి రంగు నిండిన కణాలున్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు గోడా, ఫుజీ తేల్చారు. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో ఇది చాలా అరుదు. దీనికి పొలుసులు లేవు. చేదుగా, కంపు కొట్టే జిగురు ఒంటినిండా ఉంటుంది. దాంతో వేటాడే చేపలు దీని జోలికి రావు. అక్వేరియం చేపలను పీడించే తెల్లమచ్చల జబ్బు కూడా దీనికి అంత తేలిగ్గా అంటుకోదు.

ఇన్ని మంచి గుణాలున్నా, పేచీ అంతా నోటి దగ్గరే. మాండరిన్‌ది చిన్న నోరు, ముందుకు సాగుతుంది. పెరట్లో కోడి గింజలేరినట్టు పొద్దస్తమానం రాళ్ల మీద, ఇసుకలో పొడుస్తూ తిరుగుతుంది. అది ఏరుకునేవి ముఖ్యంగా కోపెపాడ్‌లు. రొయ్య జాతికి దూరపు చుట్టాలు. చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరుకు లోపే. వాటితోపాటు సన్నపురుగులు, బుల్లి నత్తలు, ఇతర చేపల గుడ్లు. ఒక్కసారిగా కడుపునిండా తిని కూర్చునే అలవాటు దానికి లేదు. మనం పొద్దునా సాయంత్రం చిటికెడు గుళికలు చల్లితే, అవి తన ముందే మునిగిపోతున్నా పట్టించుకోదు. అలాంటి గుళికలను అది సాధారణంగా తిండిగా గుర్తించదు మరి.

అందుకే పాతకాలపు సలహా ఒకటుంది: కనీసం 300 లీటర్ల ట్యాంకు, దాన్నిండా జీవరాశి పట్టిన రాళ్లు, ఏడాది వయసు. అవి ఉంటేనే మాండరిన్ మాట ఎత్తాలి అని. మన ఇళ్లలో పెట్టుకునేవి 60, 100 లీటర్ల తొట్లు. అంత చిన్నదాంట్లో కోపెపాడ్‌లు తమంతట తాము పెరిగే వేగం కంటే ఈ చేప తినే వేగమే ఎక్కువ. కొన్ని వారాలు హాయిగా తిరుగుతుంది. రాళ్లు ఖాళీ అయ్యాక పొట్ట లోపలికి పోతుంది. తల వెనక కండ కరిగి ఎముక తేలుతుంది. యజమానికి విషయం తెలిసేది అప్పుడే. అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

మరి చిన్న తొట్టిలో అసలు పెంచలేమా? పెంచవచ్చు, కానీ మీరు ముందుగా కోపెపాడ్‌ల రైతు కావాలి. ట్యాంకుకు పక్కనో, వెనకనో ఒక చిన్న అర కట్టి, అందులో చీటోమార్ఫా అనే చిక్కుపడిన పచ్చనాచు వేసి, రాత్రిపూట దానికి దీపం పెడతారు. ఆ అరలోకి చేపలు పోవు. నాచు పోగుల మధ్య కోపెపాడ్‌లు పిల్లలు పెట్టి, పంపు నీళ్లతోపాటు కొన్ని ప్రధాన తొట్టిలోకి కొట్టుకొస్తాయి. టిస్బే అనే రకం రాళ్ల సందుల్లో దాక్కుంటుంది కాబట్టి చేప ఒక్కసారిగా తుడిచిపెట్టలేదు. ఇవి బతకడానికి ఆకుపచ్చ సూక్ష్మ నాచు నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. సన్నగుడ్డ ఫిల్టరు పెడితే మాత్రం ఆ దారిన వచ్చినవన్నీ అందులోనే చిక్కుకుంటాయి. ఈ ఒక్కటీ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

రెండో దారి, చేపకు కొత్త తిండి నేర్పడం. ఇక్కడ మన తీరం మాట చెప్పాలి. బాపట్ల, కాకినాడ తీరాల్లోని రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకు ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్య కొత్త కాదు. డబ్బాల్లో వచ్చే దాని గోధుమరంగు గుడ్లను ఉప్పునీళ్లలో వేసి గాలి కొడితే, సుమారు 24 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. రొయ్య పిల్లలకు పెట్టే ఆ తిండినే మాండరిన్‌కూ పెట్టవచ్చు, ఎందుకంటే అది కదులుతుంది. పిల్లలు బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే పెట్టేయాలి. ఆలస్యమైతే ఒంట్లోని పోషకం వాటికే ఖర్చయిపోతుంది. పంపు కాసేపు ఆపి, తొట్టి అడుగున ఒక చిన్న గాజుసీసా పడుకోబెట్టి, సన్నగొట్టంతో అందులోకి వదలండి. క్లౌన్ చేపల వంటి తిండిపోతులు సీసాలో దూరేలోపు నిదానస్తురాలైన మాండరిన్ తన వంతు తాను తింటుంది. అలవాటయ్యాక అదే సీసాలో చేపగుడ్లు, తర్వాత గడ్డకట్టించిన సన్న రొయ్యలు కలిపి చూడవచ్చు. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఎప్పటికీ ఒప్పుకోవు. ఒప్పుకుందని కోపెపాడ్‌ల అరను ఎత్తేయడం నా దృష్టిలో మూర్ఖత్వం.

మిగతా నీటి లెక్కలు అన్ని రీఫ్ ట్యాంకులకూ ఉన్నవే. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, 25, 26 డిగ్రీల వేడి. ఆవిరైపోయేది నీరే కాబట్టి రోజూ మంచినీళ్లే కలపాలి. మన వేసవిలో చిన్న తొట్టి త్వరగా వేడెక్కుతుంది. ఫ్యానో, నీళ్లు చల్లబరిచే యంత్రమో లేకుండా ఈ సరదా మొదలుపెట్టకండి. రాళ్ల సంగతీ జాగ్రత్త. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి ముక్క ఏరి తెచ్చినా నేరమే. మనుషులు తయారుచేసిన రాళ్లు కొని, వాటి మీద కోపెపాడ్‌లు పట్టేదాకా కొన్ని నెలలు ఓపిక పట్టండి.

ఇక కొనే ముందు. ఈ జాతిని పొదిగించి పెంచడం ఇప్పుడు సాధ్యమే. అమెరికాలో అలాంటి పిల్లలు 2010 ప్రాంతంలోనే అమ్మకానికి వచ్చాయి. అవి చిన్ననాటి నుంచే మనిషి పెట్టింది తిని పెరుగుతాయి. ధర ఎక్కువైనా చిన్న తొట్టికి అవే నయం. అవి దొరక్కపోతే, దుకాణంలో మీ కళ్లముందే తిండి పెట్టమని అడగండి. పొట్ట గుండ్రంగా ఉండి, రాయిని పొడుస్తూ తిరిగేదాన్నే ఎంచుకోండి. వెన్నుముల్లు పొడుగ్గా లేచి ఉంటే అది మగది. రెండు మగవాటిని ఒకే తొట్టిలో వేస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయి. పొట్ట అతుక్కుపోయినదాన్ని జాలిపడి తెచ్చుకోవద్దు. అంతగా చిక్కినది కోలుకోవడం అరుదు, పైగా దాని స్థానంలో దుకాణదారు ఇంకొకటి తెప్పిస్తాడు. పట్టేటప్పుడు వల వాడనివ్వకండి. దాని చెంపల మీద ముళ్లున్నాయి, వల దారాల్లో చిక్కుకుంటాయి. నీళ్లతో సహా గిన్నెలో ముంచి తీయమనండి.