గుర్రం కాలి పుండు: మైలుతుత్తం మానుదాం, కట్టు కట్టడం నేర్చుకుందాం

(మన్యంలో జరిగిన సంఘం మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ అనగానే గిట్టుబాటు ధర, పోడు పట్టా, బ్యాంకు అప్పు మాట్లాడుకుంటాం. ఈ రోజు గుర్రం కాలి గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. పాడేరు మన్యంలో రోడ్డు లేని కొండ ఊళ్లలో కాఫీ బస్తా కిందికి దిగాలన్నా, సంత నుంచి బియ్యం, ఉప్పు పైకి ఎక్కాలన్నా గుర్రమే మన లారీ. దాని కాలు చెడితే ఆ ఇంటికి సీజనే పోయినట్టు.

మా ఊళ్లో జరిగింది చెప్తాం. కాఫీ పళ్లు ఏరే రోజుల్లో ఒక గుర్రం వెనక కాలు ముళ్లకంచె తీగకు చీరుకుంది. డెక్కకు జానెడు పైన, అరచెయ్యంత గాయం. తలా ఒక మాట అన్నాం. ఒకరం బూడిద చల్లాం, ఒకరం సున్నం పెట్టాం. రెండు వారాలకు ఎర్రటి కండ వచ్చింది. పుండు పూడుతోందని సంతోషపడ్డాం. ఆ కండ ఆగలేదు. చర్మం దాటి కోడిజుట్టులా పైకి లేచింది. దుర్మాంసం అన్నాం, మైలుతుత్తం రాశాం. పైపొర మాడి రాలింది, మళ్లీ పెరిగింది. మళ్లీ రాశాం. ఇలాగే సీజన్ గడిచిపోయింది. ఆ ఇంటి ఆలుమగలు బస్తాలు నెత్తిన మోసి దించారు. ఇందులో తప్పు మాది. అందుకే నలుగురిలో చెప్తున్నాం.

చివరికి పశువుల డాక్టరు గారు వచ్చి అసలు సంగతి చెప్పారు. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, నరం, చర్మం అంతే. రక్తం తక్కువ అందుతుంది, అడుగు వేసినప్పుడల్లా గాయం కదులుతుంది, బురద, పేడ అంటుకుంటాయి. గాయం పూడ్చడానికి ముందు ఎర్రటి కండ రావాలి. అది మంచిదే. దాని మీదుగా అంచుల నుంచి కొత్త చర్మం మెల్లగా పాకి రావాలి. కండ చర్మం కంటే ఎత్తు పెరిగితే చర్మం ఆ గట్టు ఎక్కలేదు. పుండు అక్కడే ఆగిపోతుంది. మైలుతుత్తం, సున్నం, యాసిడ్ పెడితే కండతో పాటు అంచున వస్తున్న లేత చర్మం కూడా మాడిపోతుంది. మేం చేసింది అదే.

డాక్టరు గారు ఆ కండను చర్మంతో సమానంగా కోసేశారు. ఆ కండలో నొప్పి తెలిపే నరాలు ఉండవు, కోసినా గుర్రానికి పెద్దగా తెలియదు. రక్తం మాత్రం ధారగా కారుతుంది. కాబట్టి ఇంట్లో కత్తి పట్టకండి.

ఇక మనం చేయాల్సింది వినండి.

గాయమైన వెంటనే శుభ్రమైన గుడ్డతో పది, పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. రక్తం ఆగాక, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాల ఉప్పు తక్కువగా కలిపి, ధారగా పోసి కడగండి. బూడిద, పేడ, ఇంజన్ ఆయిల్ వద్దు. కుట్లు వేయాల్సిన గాయమైతే ఆరేడు గంటల్లోపు వేయించడం మేలు. అందుకే అదే రోజు కబురు పెట్టండి. కీలు దగ్గర గాయమై, జిగురుగా పసుపు నీరు కారితే ఒక్క పూట కూడా ఆగకండి.

గుడ్డ, దాని మీద మందంగా దూది, ఆపైన సాగే పట్టీ, ఇదీ కట్టు. దూది పలుచగా వేసి బిగిస్తే నరం దెబ్బతింటుంది. రెండు మూడు రోజులకోసారి, తడిస్తే వెంటనే మార్చాలి. కట్టు మరీ ఎక్కువ రోజులుంచినా కండ పెరుగుతుంది. ఎప్పుడు విప్పేయాలో డాక్టరునే అడగండి. పుండు మానేదాకా బరువు ఎక్కించకండి.

ధనుర్వాతం గుర్రానికి చాలా తొందరగా పట్టుకుంటుంది. ఆ క్రిమి మట్టిలో, గుర్రపు పేడలోనే ఉంటుంది. చిన్న మేకు గుచ్చుకున్నా చావు రావచ్చు. ముందే టీకా వేయిస్తే ఆ భయం ఉండదు. మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. ఎన్నాళ్లకూ మానని పుండులో బియ్యపు గింజల్లాంటివి కనబడితే అది ఈగలు తెచ్చిన పురుగు జబ్బు కావచ్చు. దానికి మందు వేరు.

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుందంటారు. రోడ్డు లేని ఊరికి, సిగ్నల్ లేని కొండకు అది ఎలా వస్తుంది? మేం ఆసుపత్రికి వెళ్తే ఆవులకు, మేకలకు టీకాలున్నాయి, గుర్రానికి లేవన్నారు. గుర్రం మాత్రం రైతు పశువు కాదా?

అందుకే ఈ సభ తరఫున అడుగుతున్నాం. కాఫీ సీజన్‌కు ముందే మన్యం పశువుల ఆసుపత్రుల్లో గుర్రాలకు ధనుర్వాతం టీకా ఉండాలి. సంత రోజున డాక్టరు సంతలోనే కూర్చోవాలి. ఊరికి ఇద్దరికి కట్టు కట్టడం నేర్పాలి, సామాను ఇవ్వాలి. ఈ మూడూ రాసి సంతకాలు పెట్టి ఇద్దాం.

ఆ గుర్రం ఉగాది దాటాక మళ్లీ కొండ దిగింది. వచ్చే సీజన్‌లో ఏ ఇంటివాళ్లూ బస్తాలు నెత్తిన మోయకూడదు. సెలవు.