బార్ మీది బరువు, అట్ట మీది బొమ్మ

బలం పెంచే వ్యాయామం మీద రాసిన పుస్తకాన్ని అమ్మడంలో ఒక చిక్కుంది. కొన్నవాడికి చదవడంతో పని తీరదు. పుస్తకం మూసి, లేచి వెళ్లి బరువెత్తాలి. నవల బాగుందో లేదో ఆ రాత్రికే తెలిసిపోతుంది. బరువుల పుస్తకం మంచిదో కాదో తేలడానికి నెలలు పడుతుంది, అదీ కొన్నవాడు మధ్యలో మానకపోతే. అందుకే దీన్ని అమ్మేవారు మొదటి నుంచీ ఫలితాన్ని ముందే చూపించే ఉపాయాలు వెతుక్కున్నారు. స్నాతకోత్సవ వేదిక మీద కులపతికి, ఆచార్యులకు, ఎండలో వచ్చిన తల్లిదండ్రులకు చెల్లించాల్సిన వందనాలు ఈ వాక్యంతో చెల్లినట్టే. శారీరక విద్యలో పట్టా పుచ్చుకుంటున్నవారిలో కొందరు రేపు ఇలాంటి పుస్తకం రాస్తారు, ఎక్కువమంది ఎవరో రాసిందాన్ని జిమ్ముల్లో చేతికిస్తారు. కనుక నేరుగా విషయంలోకి దిగడమే మర్యాద.

ఈ వ్యాపారానికి దారి వేసినవారిలో యూజెన్ శాండోది పెద్ద పేరు. 1867లో అప్పటి ప్రష్యాలో పుట్టి, లండన్ నాటకశాలల్లో కండలు చూపించి ప్రసిద్ధుడయ్యాడు. బలాన్ని సంపాదించే పద్ధతి మీద 1897లో పుస్తకం వేశాడు. మరుసటి ఏడు పత్రిక పెట్టాడు. తపాలా పాఠాలూ వ్యాయామ పరికరాలూ అమ్మాడు. పత్రిక పుస్తకాన్ని అమ్మిపెట్టేది, పుస్తకం పరికరాన్ని అమ్మిపెట్టేది, ఆయన ఫొటో అన్నిటినీ అమ్మిపెట్టేది. 1904–05 ప్రాంతంలో భారతదేశం వచ్చి ప్రదర్శనలిచ్చాడు. టికెట్టు కొన్న జనం చూసింది వ్యాయామాన్ని కాదు, అదంతా అయిపోయాక తయారైన మనిషిని.

తెలుగునేల మీద ఆ తరం బలశాలి కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తరువాత సర్కస్ నడిపారు. గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును నిలపడం వంటి విన్యాసాలతో ఆయన కీర్తి డేరా డేరాకూ పాకింది. బెంగళూరులో కె.వి. అయ్యర్ దారి వేరు. హెర్క్యులస్ వ్యాయామశాల నడుపుతూ 1930లో ‘మజిల్ కల్ట్’, 1936లో ‘పర్ఫెక్ట్ ఫిజిక్’ ప్రచురించారు. ఊరికి రాలేనివారికి తపాలాలో పాఠాలు పంపారు. తన శరీరసౌష్ఠవం గురించి చెప్పుకోవడానికి ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు. ఆ మనిషే కన్నడంలో ‘శాంతల’, ‘రూపదర్శి’ నవలలు రాశారు. కథ చెప్పడానికి కన్నడం, కండ చెప్పడానికి ఇంగ్లీషు. మన దేశంలో ఈ పుస్తకాల విపణి అప్పుడు పడ్డ గాట్లోనే ఇంకా నడుస్తోంది. దీనికి గొప్ప మినహాయింపు మరాఠీ. బరోడా నుంచి డి.సి. ముజుందార్ సంపాదకత్వంలో 1936–49 మధ్య పది సంపుటాల ‘వ్యాయామ జ్ఞానకోశం’ వెలువడింది. తాలింఖానాలు, గరిడీ సాము, సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఇన్ని ఉన్న తెలుగువారికి అలాంటి పది సంపుటాలు లేవు. ఆ పని ఇవాళ పట్టా అందుకుంటున్న బుద్ధిమంతుల్లో ఎవరైనా నెత్తికెత్తుకుంటే అడ్డొచ్చేవారు లేరు. సెల్‌ఫోను తప్ప.

ఇవాళ దుకాణాల్లో, ఆన్‌లైన్లో కనబడేవి ఎక్కువగా విదేశీ పుస్తకాలు. ఆర్నాల్డ్ ష్వార్జనెగ్గర్ బాడీబిల్డింగ్ సర్వస్వం 1985లో వచ్చింది. మార్క్ రిప్పెటో, లాన్ కిల్‌గోర్ రాసిన ‘స్టార్టింగ్ స్ట్రెంగ్త్’ 2005 నాటిది. రెండో పుస్తకం కదలికలను వివరించిన తీరు చాలా మంచిది, వృత్తిలోకి దిగేవారు చదివి తీరాలి. అయినా అవి ఇక్కడి పాఠకుడి ఇంటికి సరిగ్గా అతకవు. బరువులు పౌండ్లలో ఉంటాయి. ఇంటి షెడ్డులో సొంత ర్యాక్ ఉంటుందనుకుంటాయి. బక్కపలచటి కుర్రాడు బరువు పెరగడానికి రోజుకో గ్యాలన్ పాలు తాగాలన్న సలహా ఆ శిక్షణ బడిలోదే. గ్యాలనంటే 3.78 లీటర్లు. నెలాఖరున పాలవాడి లెక్క ఎవరు కడతారన్నది ఆ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. ఇక్కడి చిన్న జిమ్ముల్లో బార్ ఒక్కోచోట ఒక్కో బరువుంటుంది. పోటీ ప్రమాణం ప్రకారం మగవారి బార్ 20 కిలోలు, ఆడవారిది 15. వీధి జిమ్ములో ఉన్నదాన్ని తూకం వేస్తేగానీ తెలియదు. ఈ ఒక్క సంగతి మొదటి అధ్యాయంలో రాసిన పుస్తకాన్ని జిమ్ముకు వెళ్లేవాడు వెంటనే నమ్ముతాడు. తను తొక్కుతున్న నేలనే రచయిత కూడా తొక్కాడని అతనికి అర్థమవుతుంది.

ఆహారం వైపు నుంచి ఈ కిటుకును పట్టుకున్నది పోషకాహార నిపుణురాలు రుజుతా దివేకర్. 2009లో వచ్చిన ఆమె మొదటి పుస్తకానికి కరీనా కపూర్ ముందుమాట రాశారు. అప్పటికి కరీనా సన్నబడిన ‘సైజ్ జీరో’ గొడవ దేశమంతా మోగుతోంది. సినిమా తార ముఖం పుస్తకాన్ని దుకాణంలో అమ్మింది, సందేహం లేదు. కానీ కొన్నవారు మరొకరికి చెప్పడానికి కారణం వేరు. నెయ్యీ అన్నమూ పాపం కాదని చెప్పిన పుస్తకం వారి వంటింటి పక్షాన నిలిచింది. బలవ్యాయామానికి అలాంటి పుస్తకం భారతీయ భాషల్లో ఇంకా రావలసే ఉంది.

ఎవరు కొంటారన్నది తరువాతి మాట. జిమ్ములో అద్దం ముందు నిలబడే ఇరవై ఏళ్ల కుర్రాడే కొంటాడని ప్రచురణకర్తలు అనుకుంటారు. ఈ ప్రసంగకర్త ఉద్యోగ జీవితం పుస్తకాల గోడౌన్లో మొదలై స్టాళ్ల వెనక సాగింది. అక్కడ కనబడిన సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. కుర్రాడు పుస్తకం తీసి, బొమ్మలన్నీ తిరగేసి, రెండు పేజీలు ఫోనులో ఫొటో తీసుకుని, ‘థాంక్స్ అంకుల్’ అని వెళ్లిపోతాడు. డబ్బు తీసేది నలభై దాటినవాడు. నడుము నొప్పి వచ్చి వెళ్లినవాడు, షుగరు రిపోర్టు చేతికొచ్చినవాడు, తండ్రి స్నానాల గదిలో జారిపడ్డాక భయపడినవాడు. పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అరవై అయిదు దాటినవారికి తూలిపడకుండా ఉండే నిలకడ, బలం కోసం వారానికి మూడు రోజులు సూచించింది. ప్రచారానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏ తారా ఇవ్వలేదు. అయినా అరవై ఏళ్ల పెద్దావిడ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్న బొమ్మను అట్ట మీద వేసే ధైర్యం ఎవరికీ చాలడం లేదు.

ఆడవారి సంగతి మరీ విడ్డూరం. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆ తరువాత ఇన్నేళ్లకు కూడా స్త్రీల వ్యాయామ పుస్తకం అట్ట మీద గులాబీరంగు డంబెల్ ఒకటి, అగరుబత్తి పట్టుకున్నంత సుతారంగా పట్టుకున్న చెయ్యి ఒకటి. రోజూ నీళ్లబిందెలు, గ్యాస్ సిలిండర్లు, చంకలో పిల్లల్ని మోసేవారికి రెండు కిలోల డంబెల్ చూపించి అమ్మాలనుకోవడం మార్కెటింగ్ అనిపించుకోదు.

ఇక అసలు బెంగ. అది ‘ముందు – తరువాత’ ఫొటోల జత. ఎడమపక్క పొట్ట, కుడిపక్క పలకలు తేలిన కడుపు, మధ్యలో బాణం గుర్తు, కింద ‘30 రోజుల్లో’. ఈ జత ఎలా తయారవుతుందో ఈ రంగంలో అందరికీ తెలుసు. మొదటి ఫొటోకు కడుపు వదిలేసి నిలబడాలి, వెలుగు ఎదురుగా పడాలి. రెండోదానికి నూనె రాసుకుని, ఊపిరి బిగబట్టి, పక్కనుంచి లైటు వేసి, అంతకు ముందు ఉప్పూ నీళ్లూ తగ్గించి నిలబడాలి. ఒకే రోజు ఉదయం, సాయంత్రం తీసి కూడా జత కుదర్చవచ్చు. కొన్ని జతల వెనక ఏ అధ్యాయంలోనూ రాయని ఇంజెక్షను ఉంటుంది. అనబాలిక్ స్టెరాయిడ్లు మన దేశంలో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. జిమ్ములో అవి ఎవరి సంచిలోంచి వస్తాయో ఈ పట్టభద్రులకు చెప్పనక్కరలేదు. వారి సంచిలోంచి మాత్రం రాకూడదు. ఆ విషయంలో ఈ ప్రసంగకర్తకు పెద్దరికం, మర్యాద ఏమీ గుర్తుండవు, చెవి మెలిపెట్టడమే.

అబద్ధమన్నది ఒక్కటే కాదు ఆ ఫొటోతో వచ్చిన ఇబ్బంది. పుస్తకం నిజంగా ఇచ్చేదాన్ని అది చూపించలేదు. బరువులెత్తడం కొత్తగా మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాల నుంచి వస్తుంది. ఉన్న కండరాన్నే మెదడు ఇంకా బాగా పని చేయించడం నేర్చుకుంటుంది. కండ పరిమాణం నెమ్మదిగా పెరుగుతుంది. అంటే మొదటి నెలలో మనిషి బలం పెరుగుతుంది, అద్దంలో మనిషి అలాగే ఉంటాడు. ఫొటో చూసి కొన్నవాడు సరిగ్గా అక్కడే ‘ఇది పనిచేయడం లేదు’ అని మానేస్తాడు. పుస్తకం చెప్పింది నిజమే అవుతున్నా, అట్ట చెప్పింది అబద్ధమైంది కనుక ఓడిపోతుంది. అట్ట మీద అంకె ఉంటే ఈ గొడవ ఉండదు. ఖాళీ బార్ 20 కిలోలతో మొదలుపెట్టి వారానికి 2.5 కిలోల చొప్పున పెంచుకుంటూ పోతే పన్నెండు వారాలకు 50 కిలోలు. ఎవరి నోట్‌బుక్‌లో వారు చూసుకోవచ్చు. అందుకే ఈ పుస్తకాల్లో అతి విలువైన పేజీలు చివర్లో ఉండే ఖాళీ పట్టికలు. కాగితం ఖర్చు చూసి ప్రచురణకర్త మొదట కోసేసేదీ వాటినే.

చట్టం కూడా ఇప్పుడు నిజం చెప్పే అట్ట పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. వత్తాసు పలికినవారి మీద నిషేధం కూడా పెట్టవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం గమనిక ఏదైనా ప్రకటనలోని మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి, అసలు మాటను కాదనేలా ఉండకూడదు. అంటే తెలుగులో ‘30 రోజుల్లో’ అని పెద్దక్షరాల్లో వేసి, అడుగున చీమంత ఇంగ్లీషులో ‘ఫలితాలు మారవచ్చు’ అనడం చెల్లదు. ఆహారం సంగతిలోనూ జాగ్రత్త కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది. ఆ మాటతో వాదం పెట్టుకునే రచయిత తన ఆధారాలు చూపి వాదించవచ్చు. కానీ పొడి కంపెనీ డబ్బుతో అచ్చయిన పుస్తకం ఆ సంగతి దాచకూడదు.

అమ్మే దారుల్లో అన్నిటికన్నా బలమైనది జిమ్ములో ట్రైనర్ నోటి మాట. చాలామంది ట్రైనర్లు పుస్తకాన్ని పోటీగా చూస్తారు, చదివినవాడు ఫీజు కట్టడం మానేస్తాడని. జరిగేది అందుకు వ్యతిరేకం. చదివినవాడు ఎక్కువ ప్రశ్నలడుగుతాడు, ఎక్కువ కాలం నిలుస్తాడు. కనుక మొదటి ముద్రణలో కొన్ని కాపీలు ట్రైనర్లకు ఉచితంగా ఇవ్వడం, వారి పేరు మీద తగ్గింపు ఇవ్వడం ఖర్చు కిందికి రావు. వీడియోలూ అవసరమే. స్క్వాట్‌లో మోకాలు ఎటు పోవాలో పేజీ కన్నా కదిలే బొమ్మ బాగా చెబుతుంది. కాబట్టి అధ్యాయానికో క్యూఆర్ కోడ్ పెట్టి కదలికను చూపించి, కారణాన్ని, క్రమాన్ని పుస్తకానికి వదలాలి. అన్నీ వీడియోలో చెప్పేస్తే పుస్తకం ఎందుకని కొనేవాడు అడుగుతాడు, ఆ ప్రశ్న న్యాయమే.

విడుదలకు డిసెంబర్ మంచిది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, కొత్త సంవత్సరం శపథాలు మూడూ కలిసొస్తాయి. బైండింగ్ నేల మీద తెరిచి పెడితే మూసుకోనిదై ఉండాలి, అట్ట చెమటకు తట్టుకోవాలి. ధర విషయంలో సిగ్గుపడనక్కరలేదు. ప్రొటీన్ డబ్బాకు రెండు మూడు వేలు పెట్టేవాడికి నాలుగు వందలు భారం కాదు. అందులో సగానికి దగ్గరగా పంపిణీదారులకు, దుకాణాలకు పోతుందని లెక్క వేసుకునే ధర నిర్ణయించాలి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.

విడుదలైన వారానికల్లా పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో తిరగడం మొదలవుతుంది. 1957 కాపీరైట్ చట్టం కింద అది ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. ఫిర్యాదు చేయాలి, లింకులు తీయించాలి. కానీ దొంగ కాపీలో దొరకనిది ఒకటి అమ్మకందారు చేతిలో ఉంటుంది. పుస్తకం కొన్నవారి ప్రశ్నలకు జవాబు చెప్పే నంబరు, రెండో ముద్రణలో దిద్దిన పేజీలను పాత కొనుగోలుదారులకు ఉచితంగా పంపే ఏర్పాటు. ఆ ఫోను ఎత్తే మనిషికి జీతం మొదటి ముద్రణ బడ్జెట్లోనే రాసిపెట్టుకోవాలి.