మలేరియాని తట్టుకున్న పిట్ట.. పక్క పిట్టకి ముప్పు ఎలా అయింది?

"బ్రో, అడవి పిట్టలకి టీకాల్లేవు, మందుల్లేవు. మరి రోగమొస్తే ఎలా బతుకుతాయి?" అని ఒకళ్ళు కామెంట్ పెట్టారు. నిజం చెప్పాలంటే, చాలావరకు బతకవు. బతికిన ఆ నాలుగింటి పిల్లలే తర్వాతి తరం.

హవాయి దీవుల సంగతి చూడండి. అక్కడ ఒకప్పుడు దోమన్నదే లేదు. 1826లో ఓడల్లో వచ్చిందంటారు. క్యూలెక్స్ దోమ. మనకేం కొత్త కాదు, మన దగ్గర బోదకాలు అంటించేది ఈ జాతే. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఆ కాళ్ళు చూసి చిన్నప్పుడు భయపడేవాణ్ణి. హవాయిలో ఇది పిట్టల మలేరియాని మోసింది. అది మనుషులకి రాదు, కంగారు పడకండి.

అక్కడి హనీక్రీపర్ పిట్టలు ఆ రోగాన్ని ఎప్పుడూ చూసి ఎరగవు. ఈఈవీ అనే ఎర్రపిట్టల మీద ప్రయోగం చేస్తే, ఒక్క దోమకాటుకే పదింటిలో తొమ్మిది చచ్చిపోయాయి. మిగిలిన జాతులు చాలావరకు చల్లటి కొండల పైకి పరిమితమైపోయాయి. 13 డిగ్రీల లోపు చలిలో ఆ క్రిమి దోమ ఒంట్లో పెరగదు మరి.

కానీ అమాకిహి అనే పచ్చపిట్ట కింది అడవుల్లో, దోమల మధ్యే మళ్ళీ పెరిగింది! అక్కడి పిట్టల జన్యువుల్లో రోగాన్ని తట్టుకునే తేడాలు తరతరాలుగా పోగయ్యాయి. ఒక్క జీన్ పని కాదు, చాలా జీన్స్ కలిసి చేస్తున్నట్టు కనిపిస్తోంది.

హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా? ఆగండి.

అమాకిహి రోగాన్ని పూర్తిగా వదిలించుకోలేదు. క్రిమి దాని ఒంట్లో ఉండిపోతుంది, పిట్ట మాత్రం చావదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో బగ్ ఫిక్స్ కాలేదు, యాప్ క్రాష్ అవడం ఆగింది అంతే. దాన్ని కుట్టిన దోమ వెళ్ళి ఈఈవీని కుడితే? అదీ సమస్య. పైగా వాతావరణం వేడెక్కి దోమలు కొండ పైకి పాకుతున్నాయి. కవాయి దీవిలో ఆకికికి పిట్టలు 2023లో అడవిలో ఐదే మిగిలాయి. తరతరాలు ఎదురుచూసే టైమ్ వాటికి లేదు.

అందుకే ఇప్పుడు అక్కడ హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి మగ దోమల్ని వదులుతున్నారు. అవి కుట్టవు. వాటిలో వేరే రకం వోల్బాకియా బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి, అడవిలో ఆడదోమ వాటితో కలిస్తే గుడ్లు పొదగవు. పిట్టని మార్చలేక దోమల్ని తగ్గిస్తున్నారన్నమాట. ఆ గుడ్ల కథ వచ్చే ఎపిసోడ్‌లో.